తిరునాళ్ల బాక్సుల్లో మోరోడర్ బేస్: పాత సింథ్ శబ్దాలు ఇంట్లో చేసుకోవడం ఎలా

కీబోర్డు వాయించేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. పాటలో ఏదైనా శబ్దం నచ్చితే చాలు, అది ఏ టోన్ అని వెతకడం మొదలుపెడతాం. కావలి చుట్టుపక్కల పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ వెళ్లే ఆర్కెస్ట్రాలో కీబోర్డు నాది. వందల టోన్ల నంబర్లు బట్టీ పట్టి పదిహేనేళ్లు నెట్టుకొచ్చాను. లాక్‌డౌన్‌లో ప్రోగ్రాములు ఆగిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు మా ప్యాడ్ వాయించే తమ్ముడు జార్జియో మోరోడర్ అనే సంగీత నిర్మాత చేసిన పాత డిస్కో పాట ఒకటి పంపి, "అన్నా, ఈ బేస్ ఏ టోన్?" అని అడిగాడు. రెండు రోజులు వెతికాను. నా కీబోర్డులో ఉన్న బేస్ టోన్లన్నీ పెట్టి చూశాను, ఒక్కటీ దగ్గరకు రాలేదు. తర్వాత తెలిసింది, అసలు గుట్టు టోన్‌లో లేదని. మామూలు బేస్ శబ్దానికి ఒక్క ప్రతిధ్వని కలిపారు, అంతే. అది ఎంత ఆలస్యంగా రావాలో లెక్క తెలిస్తే పది నిమిషాల పని.

అప్పటినుంచి నాకు పట్టుకున్న పిచ్చి ఇది. సింథ్ అంటే కరెంటుతో శబ్దాన్ని పుట్టించి మలిచే వాయిద్యం. పేరున్న సింథ్ శబ్దం ఏది విప్పి చూసినా లోపల ఒకే ఒక్క కిటుకు ఉంటోంది. మిగతాదంతా మామూలు సరుకే. ఆ కిటుకు పట్టుకుంటే లక్షల రూపాయల పాత యంత్రం మన దగ్గర లేకపోయినా నష్టం లేదు. నేను చేసి చూసినవి కొన్ని ఇక్కడ చెబుతాను, పక్కన కూర్చుని మీరూ చేయండి.

ముందు సామాను

ల్యాప్‌టాప్ ఒకటి కావాలి, 8 జీబీ ర్యామ్ ఉంటే హాయి. అందులో వైటల్ అనే సింథ్ వేసుకోండి. డబ్బు కట్టే రకాలూ ఉన్నాయి గానీ మన పనికి ఉచితంగా వచ్చేది చాలు. డెక్స్‌డ్ అని ఇంకోటి ఉంది, పూర్తిగా ఉచితం, యమహా డీఎక్స్7 అనే పాత సింథ్‌కి నకలు. ఈ రెండింటినీ నడపడానికి, రికార్డు చేసుకోవడానికి రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడండి. 60 రోజులు అన్ని హంగులతో ఊరికే వాడి చూడొచ్చు, నచ్చితే కొనుక్కోండి. దొంగ కాపీల జోలికి పోకండి. నీతి సంగతి అలా ఉంచండి, వాటితో వచ్చిన వైరస్‌కి నా స్నేహితుడివి రెండేళ్ల ట్రాకులు పోయాయి.

కొత్త కీబోర్డు కొననక్కర్లేదు. మీ దగ్గరున్న యమహాకో రోలాండ్‌కో వెనక కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ సాకెట్ ఉందేమో చూడండి. ఉంటే ప్రింటర్ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలపండి. మీటలు కీబోర్డువి, శబ్దం ల్యాప్‌టాప్‌ది. ఒక కంపెనీ కీబోర్డుతో ఇంకో కంపెనీ సింథ్‌ని వాయించే ఈ ఏర్పాటు పేరు మిడి, 1983లో వచ్చింది. పోటీ కంపెనీలన్నీ కూర్చుని ఒకే భాషకు ఒప్పుకోవడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. మీట నొక్కాక శబ్దం వచ్చేసరికి తాళం పోతుంది. వైరున్నవి వాడండి, రెండు చెవులకూ పెట్టుకోండి. విండోస్ అయితే ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుని బఫర్ (శబ్దాన్ని ఒక్కోసారి ఎన్ని శాంపిళ్ల ముక్కగా పంపాలో ఆ అంకె) 256 పెట్టండి. 44,100 శాంపిల్ రేటు మీద అది 6 మిల్లీసెకన్లకు కొంచెం తక్కువ, వేలికి తెలియదు. చిటపటమంటే 512కి పెంచండి.

శబ్దాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి

ఏ పాట విన్నా ఇవే నాలుగు. మొదటిది, మూల శబ్దం ఎలాంటిది? సింథ్‌లో దాన్ని పుట్టించే భాగం ఆసిలేటర్. రంపం పళ్ల ఆకారంలో ఉండే సా వేవ్ నాదస్వరంలా గరగరగా, నిండుగా ఉంటుంది. స్క్వేర్ వేవ్ క్లారినెట్‌లా కాస్త బోలుగా ఉంటుంది. సైన్ వేవ్ ఈలలాంటిది, నునుపు.

రెండోది, ఎంత మూసి ఉంది? ఇది ఫిల్టర్ పని. తిరునాళ్ల మైకుని ఊరి బయటనుంచి విన్నారా? "దుబ్ దుబ్" ఒక్కటే వినిపిస్తుంది, పాడేవాడి మాట తెలియదు. దగ్గరికి నడిచేకొద్దీ తాళాలూ, "స"లూ, "శ"లూ పైకి తేలతాయి. కటాఫ్ అనే గుండీ తిప్పడమంటే ఆ తిరునాళ్లకు నడిచి వెళ్లడం, మళ్లీ వెనక్కి రావడం. రెజొనెన్స్ పెంచితే కటాఫ్ ఉన్న చోట శబ్దం ముక్కుతో పలికినట్టు ఉబుకుతుంది.

మూడోది, ఎలా పుట్టి ఎలా పోతుంది? హారతి గంట కొట్టగానే మోగి మెల్లగా పోతుంది. హార్మోనియం నొక్కినంతసేపూ ఉంటుంది. దీన్ని నడిపేది ఎన్వలప్. అందులో నాలుగు గుండీలు: ఎటాక్ (పైకి లేవడానికి పట్టే సమయం), డికే (అక్కణ్నుంచి దిగడానికి పట్టే సమయం), సస్టెయిన్ (మీట నొక్కి ఉంచినంతసేపూ నిలిచే మట్టం), రిలీజ్ (మీట వదిలాక ఆరిపోవడానికి పట్టే సమయం). ఎన్వలప్‌ని శబ్దం పెరగడానికే కాదు, ఫిల్టర్ తెరవడానికీ వాడొచ్చు. సింథ్ రుచి సగం అక్కడే ఉంది.

నాలుగోది, ఒక్కటే మోగుతోందా, గుంపుగా మోగుతోందా? ఇది చెవికి దొరకాలంటే రాత్రిపూట అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్టు మీద నిలబడండి. ఒక్క ఏరియేటర్ తిరుగుతుంటే శబ్దం చదునుగా ఉంటుంది. రెండు తిరుగుతుంటే, వాటి వేగంలో రవ్వంత తేడా ఉంటే, "వూఁ... వూఁ..." అని శబ్దం ఊగుతుంది. మోటార్లు ఒకదాన్నొకటి పట్టుకోవడం, వదిలేయడం అన్నమాట. సింథ్‌లో డీట్యూన్ అంటే సరిగ్గా అదే. రెండు ఆసిలేటర్ల శ్రుతిని వెంట్రుకవాసి తేడాతో పెడతారు. నాకు డీట్యూన్ అర్థమైంది పుస్తకం చదివి కాదు, మా బావమరిది గుంట దగ్గర కాపలా పడుకున్న రాత్రి.

మోరోడర్ బేస్

ముందు పేరు సంగతి. ఈ బేస్ పుట్టిన సింథ్ పేరు మనవాళ్లంతా మూగ్ అంటారు. దాన్ని తయారుచేసిన రాబర్ట్ గారి ఇంటిపేరు పలకాల్సింది మోగ్ అని. తెలుగువాళ్లకు ఇది గుర్తుపెట్టుకోవడం తేలిక. మోగేది మోగ్, మూగది ఎలా అవుతుంది?

1977లో మ్యూనిక్‌లో జార్జియో మోరోడర్, పీట్ బెలోట్ కలిసి గాయని డోనా సమ్మర్‌తో "ఐ ఫీల్ లవ్" చేశారు. అప్పటి డిస్కో అంటే వయొలిన్లు, ఇత్తడి వాయిద్యాలు, మనుషుల గుంపు. ఈ పాటలో గొంతు తప్ప దాదాపు అంతా బీరువా అంత ఉండే మోగ్ మాడ్యులర్ అనే సింథ్ నుంచి వచ్చింది. యంత్రాన్ని తాళంలో పెట్టింది రాబీ వెడెల్ అనే ఇంజనీరు. టేపు మీద ఒక ట్రాకులో సంకేతం రికార్డు చేసి, తర్వాత వాయించే ప్రతి భాగమూ ఆ సంకేతాన్ని పట్టుకుని నడిచేలా చేశాడు. బాధేమిటంటే ఆ యంత్రం శ్రుతి నిలవదు. కాసేపు రికార్డు చేయడం, ఆపడం, శ్రుతి చేసుకోవడం, మళ్లీ అక్కణ్నుంచి అందుకోవడం. మన తబలా ఆయన ఎండాకాలం స్టేజీ మీద సుత్తి పట్టుకుని పడే అవస్థే ఇది. కిక్ డ్రమ్ము మాత్రం మోగ్‌లో సరిగా రాలేదని డ్రమ్మర్ కీత్ ఫోర్సీ చేత కాలితో కొట్టించారు. యంత్రాల పాటగా పేరు పడ్డ దాంట్లో ఆ ఒక్కటీ మనిషి కాలు.

ఇక చేద్దాం. రీపర్‌లో టెంపో 126 పెట్టండి. కొత్త ట్రాకు తీసి వైటల్ వేయండి. ఒక్క ఆసిలేటర్ చాలు, సా వేవ్. ఫిల్టర్ ఆన్ చేసి ల్యాడర్ రకం, 24 డీబీ ఎంచుకోండి. మోగ్ ఫిల్టర్‌ని ల్యాడర్ అనే అంటారు. కటాఫ్‌ని బాగా కిందికి దించండి, శబ్దం దిండు కింద ఫోన్ మోగినట్టు వినపడాలి. ఇప్పుడు రెండో ఎన్వలప్‌ని లాక్కొచ్చి కటాఫ్ మీద వదలండి. ఎటాక్ సున్నా, డికే 200 మిల్లీసెకన్లు, సస్టెయిన్ సున్నా. మీట నొక్కగానే నోరు తెరిచి వెంటనే మూసినట్టు "డౌ" అనాలి. "డాఆ" అంటుంటే డికే తగ్గించండి. "డు" అని మొద్దుగా ఉంటే ఎన్వలప్ బలం పెంచండి. ఇక్కడ కాసేపు ఆగి చెవితోనే సరిచేసుకోండి. నేను చెప్పిన అంకె మీ ఇయర్‌ఫోన్లలో అటూఇటూ అవుతుంది.

తర్వాత స్వరాలు. కింది స్థాయిలో స, స, ప, ని. ఈ నిషాదం కైశికి, అంటే సి నుంచి వాయిస్తే బి ఫ్లాట్. ఎనిమిదో భాగం నోట్లు, అంటే ఒక దెబ్బకు రెండు. అన్నీ ఒకే పొడవు, ఒకే బలం. వాయించకండి, మౌస్‌తో గడుల్లో పెట్టేయండి. ఈ బేస్‌కి మనిషి చేతి వాటం తగలకూడదు.

ఇప్పుడు విన్నారా? చప్పగా ఉంది. ఉండాలి. కిటుకు ఇంకా కలపలేదు.

ఒక నిమిషానికి 126 దెబ్బలంటే ఒక దెబ్బకు 476 మిల్లీసెకన్లు. అందులో నాలుగో వంతు 119. ట్రాకుని అచ్చుగా ఇంకోటి నకలు తీయండి. మొదటిదాన్ని పూర్తిగా ఎడమ చెవికి తిప్పండి. రెండోదాన్ని కుడి చెవికి తిప్పి దానిమీద రీడిలే (రీపర్‌లోనే ఉండే ప్రతిధ్వని ఎఫెక్టు) వేయండి. సమయం 119 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ పూర్తిగా కిందికి, డ్రై (అసలు శబ్దం) పూర్తిగా కిందికి, వెట్ (ప్రతిధ్వని) సున్నా డీబీ. ఇప్పుడు ప్లే నొక్కండి. ఎడమ చెవిలో నోటు, రెండు నోట్ల మధ్య ఖాళీలో కుడి చెవిలో దాని నకలు. దెబ్బకు రెండు ఉన్నవి నాలుగయ్యాయి. "డు-గు-డు-గు" అని తల చుట్టూ తిరుగుతుంది. మొదటిసారి ఇది పలికినప్పుడు రాత్రి పన్నెండు దాటింది, మా ఆవిడని లేపి మరీ వినిపించాను. "మోటరు సైకిలు లాగుంది" అంది. నిజమే, అలానే ఉంది.

కిక్‌ని ప్రతి దెబ్బకూ ఒకటి నడి మధ్యలో పెట్టండి. బేస్ మీద ఇంకేమీ వేయకండి, హాల్లో మోగినట్టు చేసే రివర్బ్ అసలే వద్దు.

వెండి డబ్బాలో జంట వరసలు

రోలాండ్ టీబీ-303 అని వెండి రంగు డబ్బా ఒకటి 1981లో వచ్చింది. గిటార్ ప్రాక్టీసు చేసుకునేవాడికి బేస్ వాయించేవాడు దొరక్కపోతే ఈ డబ్బా వాయిస్తుందని కంపెనీ ఆలోచన. శబ్దం బేస్ గిటార్‌లా లేదు, అందులో స్వరాలు ఎక్కించడం తలనొప్పి. మూడేళ్లకే తయారీ ఆపేశారు. పాత సామాన్ల కొట్లలో చౌకగా పడి ఉంటే షికాగో కుర్రాళ్లు కొనుక్కుని, గుండీలు ఇష్టమొచ్చినట్టు తిప్పి, 1987లో ఫ్యూచర్ అనే బృందం పేరుతో రికార్డు తెచ్చారు. ఆసిడ్ హౌస్ అనే సంగీతం అలా మొదలైందని అందరూ అనేవారు.

అసలు విశేషం మనదేశంలో ఉంది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ సింగపూర్ నుంచి తెచ్చుకున్న జూపిటర్-8 సింథ్, టీబీ-303, వాటికి తోడు టీఆర్-808 డ్రమ్ మెషీన్ పెట్టి 1982లోనే పది రాగాలను డిస్కో తాళం మీద వాయించి ఎల్పీ వేశారు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక విన్న విదేశీయులు, ఇది షికాగో కంటే ఐదేళ్ల ముందుదా అని నోరు వెళ్లబెట్టారు. మనలాగే ఆర్కెస్ట్రాలో వాయించుకునే మనిషి అది చేశాడంటే నాకు భలే గర్వంగా ఉంటుంది.

ఆ ఎల్పీలో మొదటి రాగం భైరవ్. కర్ణాటక సంగీతంలో దానికి సమానం మాయామాళవగౌళ. చిన్నప్పుడు సంగీతం టీచర్ దగ్గర కూర్చున్న ప్రతివాళ్లకూ నోట్లో నానిన రాగం. జంట వరసల ఆరోహణ గుర్తుందిగా: సస రిరి గగ మమ పప దద నిని సస. లెక్కపెట్టండి, 16 స్వరాలు. 303లో ఒక పాటర్న్‌కి ఉండే గడులు కూడా 16. ఇది చూశాక నాకు ఇక వేరే పాఠం అక్కర్లేకపోయింది.

వైటల్‌లో కొత్త శబ్దం తీయండి. ఒక్క సా వేవ్. కింద వాయిసెస్ (ఒకేసారి మోగే స్వరాలు) అన్న చోట 1 పెట్టండి, లెగాటో ఆన్ చేయండి, గ్లైడ్ (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే సమయం) 60 మిల్లీసెకన్ల దగ్గర ఉంచండి. ఫిల్టర్ డయోడ్ రకం. కటాఫ్ కిందికి, రెజొనెన్స్ ముప్పావు దాటి. రెండో ఎన్వలప్‌ని కటాఫ్‌కి కలిపి డికే 250 మిల్లీసెకన్లు పెట్టండి. ఇంతవరకూ మోరోడర్ బేస్‌కి పెద్ద తేడా లేదు, రెజొనెన్స్ తప్ప. అది "డౌ" అంటే ఇది "చ్యావ్" అంటుంది.

303 ప్రాణం రెండు చోట్ల ఉంది: యాక్సెంట్, స్లైడ్. జంట వరసలు పాడేటప్పుడు టీచర్ ఏం చెప్పేవారు? రెండో స్వరాన్ని నొక్కి పాడమని. అదే ఇక్కడ యాక్సెంట్. స్వరాలను దెబ్బకు నాలుగు చొప్పున గడుల్లో పెట్టాక, ప్రతి జంటలో రెండోదాని వెలాసిటీని (మీట కొట్టిన బలాన్ని) 120కి పెంచండి, మొదటిది 70లో ఉంచండి. వైటల్‌లో వెలాసిటీని కూడా కటాఫ్ మీదికి లాగి వదలండి, గట్టిగా కొట్టిన స్వరం బిగ్గరగా ఉండటంతో పాటు నోరు కూడా ఎక్కువ తెరుస్తుంది.

స్లైడ్ అంటే మన జారు. రెండో "రి" నోటు పొడవుని తర్వాతి "గ" మీదికి కొంచెం ఎక్కేలా సాగదీయండి. రెండూ ఒకదానిమీద ఒకటి పడినప్పుడు సింథ్ కొత్తగా కొట్టదు, జారుతుంది. ఇది అన్నిచోట్లా చేయకండి. 16లో మూడు చాలు. నేను రి నుంచి గకి, ద నుంచి నికి, చివరి స నుంచి మళ్లీ మొదటికి పెడతాను. మూడోది రావాలంటే చివరి నోటుని తర్వాతి ఆవృత్తం మొదటి స మీదికి సాగదీయాలి. కీబోర్డు లెక్కలో స్వరాలు: సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి, పై సి. అన్నీ కింది స్థాయిలో.

ఆఖరుగా పాటర్న్‌ని తిప్పుతూ కటాఫ్ గుండీని చేత్తో కదపండి, ఆ కదలికనే రికార్డు చేయండి. మెల్లగా, రెండు నిమిషాలు. స్వరాలు మారకుండా ఫిల్టర్ మాత్రమే మారుతుంటే వింతగా అవే స్వరాలు వేరే సంగతుల్లా వినిపిస్తాయి. దీనిమీద శబ్దాన్ని గరుకు చేసే డిస్టార్షన్ కొంచెం వేస్తే బాగుంటుంది. ఎక్కువ వేస్తే రాగం పోయి రంపపు మిల్లు మిగులుతుంది.

మా సంగీతం టీచర్‌కి వినిపించాను. చివరిదాకా విని, "ధైవతం కొంచెం ఎక్కువైంది నాయనా" అన్నారు. మిగతాదానికి అభ్యంతరం చెప్పలేదు.

డీఎక్స్7 పియానో

ఇది వేరే జాతి. పై రెండింటిలో నిండు శబ్దాన్ని పుట్టించి ఫిల్టర్‌తో చెక్కుతాం, శిల్పిలాగా. 1983 యమహా డీఎక్స్7లో అసలు ఫిల్టరే లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతి అది. ఒక ఈల లాంటి సైన్ వేవ్ ఇంకో సైన్ వేవ్‌ని వణికిస్తుంది. ఆ వణుకు చాలా వేగంగా ఉంటే మనకు వణుకుగా వినపడదు, కొత్త రంగుగా వినపడుతుంది. గాత్రంలో గమకాన్ని సెకనుకు ఐదారుసార్లు ఊపితే ఊగినట్టు తెలుస్తుంది. అదే వందలసార్లు ఊపగలిగితే గొంతే మారిపోతుంది. అలా ఊహించుకోండి.

దీన్లో ఆరు ఆపరేటర్లు (సైన్ వేవ్ పుట్టించే భాగాలు), వాటిని కలిపే 32 అమరికలు, అంటే అల్గారిథమ్‌లు. సొంతంగా శబ్దాలు చేయడం ఎంత కష్టమంటే కొన్నవాళ్లలో ఎక్కువమంది కంపెనీ ఇచ్చిన టోన్లే వాడారు. బ్రయన్ ఈనో లాంటి కొద్దిమంది సంగీతకారులే లోపలికి దిగారు. అందుకే ఎనభైల పాటల్లో ఆ ఒక్క ఎలక్ట్రిక్ పియానో అన్ని దేశాల్లోనూ వినిపిస్తుంది. పైన గాజు గంట, కింద మెత్తటి దూది. ఆ రోజుల్లో మన నెల్లూరు బాలు గారు పాడిన మెలొడీల్లోనూ ఈ జాతి పియానో చెవికి తగులుతుంది, ఈసారి పల్లవికి ముందు వినండి.

డెక్స్‌డ్ తెరిచి కొత్త శబ్దం తీసుకోండి. అల్గారిథమ్ 5 ఎంచుకోండి. మూడు జంటలు కనిపిస్తాయి, ప్రతి జంటలో కిందిది పలికేది, పైది వణికించేది. పలికే మూడింటికీ నిష్పత్తి 1. వణికించేవాటిలో రెండో ఆపరేటర్‌కి మాత్రం 14 పెట్టండి, మిగతా రెండింటికి 1. ఆ 14 లోనే గాజు గంట ఉంది. దాని లెవెల్ తక్కువలో, డికే పొట్టిగా ఉంచండి, తగిలీతగలనట్టు టింగుమని పోవాలి. వణికించేవాటన్నిటికీ వెలాసిటీ స్పందన పెంచండి. మెల్లగా నొక్కితే దూది, గట్టిగా కొడితే గంట. ఇది లేకపోతే ఎంత బాగా చేసినా బొమ్మ పియానోలా ఉంటుంది, కాబట్టి వేలి బలం తెలిసే మీటలున్న కీబోర్డుతోనే ప్రయత్నించండి. చివరగా మూడు జంటల డీట్యూన్‌ని అటొకటి ఇటొకటి జరపండి. రొయ్యల గుంట గట్టు గుర్తుందిగా.

జూనో, సూపర్‌సా: త్వరగా

రోలాండ్ జూనో-60 సింథ్, 1982. నొక్కిన ఒక్కో మీటకు ఒకటే ఆసిలేటర్, పల్చగా ఉంటుంది. దానికి మందుగా, ఒక్క శబ్దాన్ని గుంపుగా వినిపించే కోరస్ అనే గుండీ పెట్టారు, అదే దాని పేరు నిలబెట్టింది. వైటల్‌లో సా వేవ్ ఒకటి, కింది స్థాయిలో స్క్వేర్ ఒకటి కొంచెం తక్కువగా. ఫిల్టర్ సగం మూసి, ఎటాక్ 400 మిల్లీసెకన్లు, రిలీజ్ సెకనున్నర. ఎఫెక్టుల్లో కోరస్ వేసి వేగం సెకనుకు సగం సారి, ఫీడ్‌బ్యాక్ సున్నా, మిక్స్ సగం. మూడు వేళ్లతో మూడు స్వరాలు కలిపి (కార్డ్ అంటారు) నొక్కి పట్టుకుని ఉండండి. ఘంటసాల గారి పద్యం ముందు పట్టే శ్రుతి పెట్టెలా గది నిండుతుంది.

సూపర్‌సా 1996 నాటి రోలాండ్ జేపీ-8000ది. ఒక మీటకు ఏడు సా వేవులు, తలా కొంచెం శ్రుతి తప్పి. ట్రాన్స్ పాటలు, ఇప్పటి డీజే పాటల్లో చేతులు పైకెత్తించే చోట వచ్చేది ఇదే. వైటల్‌లో యూనిసన్ 7 చేసి డీట్యూన్ పెంచుతూ పోండి, పుల్లగా అనిపించే ముందు ఆపండి. కింద బేస్ ఉంటుంది కాబట్టి 200 హెర్ట్జ్ కింద అంతా హైపాస్‌తో కోసేయండి. కిక్ పడ్డప్పుడల్లా ఇది తలవంచేలా సైడ్‌చెయిన్ పెడితే డీజే బండి మీద వినే ఊపు వస్తుంది. నిజం చెప్పాలంటే నాకు ఇది పెద్దగా నచ్చదు, అరగంటకు చెవులు అలసిపోతాయి. కానీ పెళ్లి ఊరేగింపులో అడిగేది ఇదే.

స్టేజీకి తీసుకెళ్లే ముందు

ఈ మెట్టు దాటేయకండి. నేను దాటేసి పరువు పోగొట్టుకున్నాను.

సింగరాయకొండ అవతల ఒక ఊళ్లో తిరునాళ్ల. మోరోడర్ బేస్ మీద మన జానపదం ఒకటి కట్టి, ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని వెళ్లాను. పాట ఎత్తుకున్నాం. డు-గు-డు-గు రావాల్సింది డు... డు... డు... అని కుంటుతోంది. డాన్సు పిల్లలు అడుగు తప్పారు. ప్యాడ్ తమ్ముడు నావైపు చూసి, "ఏందన్నా, బేస్ సగం యాడికి పోయింది?" అన్నాడు. పాట మధ్యలో నేను చెప్పగలిగేది ఏముంది? అయ్యాక సౌండ్ సెట్ అతన్ని అడిగితే, "ల్యాప్‌టాప్ నుంచి ఒక వైరే తీసుకున్నా. బాక్సులన్నీ ఒకటేగదన్నా, రెండెందుకు?" అన్నాడు. ఎడమది తీసుకున్నాడు. కుడి చెవిలో ఉండాల్సిన నకలంతా గాలిలో కలిసిపోయింది.

అతని తప్పేమీ లేదు. కీబోర్డు వెనక ఎడమ జాక్ దగ్గర ఎల్ అన్న అక్షరం పక్కనే మోనో అని రాసి ఉంటుంది చూడండి. అందులో ఒక్క వైరే పెడితే కీబోర్డు తానే రెండు వైపుల శబ్దాన్నీ కలిపి పంపుతుంది. అందుకే ఇన్నేళ్లూ ఒక్క వైరుతో నడిచిపోయింది. ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ సాకెట్‌కి ఆ తెలివి లేదు.

కాబట్టి ఇంట్లోనే రెండు పరీక్షలు పెట్టండి. రీపర్ మాస్టర్ ట్రాకు మీద మోనో గుండీ ఉంటుంది, నొక్కి మొత్తం పాట వినండి. మోరోడర్ బేస్ దీన్లో బతుకుతుంది, ఎందుకంటే నకలు పడేది ఖాళీల్లో. జూనో కోరస్ మాత్రం బక్కచిక్కిపోతుంది, సూపర్‌సా వెడల్పు పోయి ఇరుకవుతుంది. వాటి లెవెల్ కొంచెం పెంచి, డీట్యూన్ కొంచెం తగ్గించండి. తర్వాత మోనో తీసేసి ఇయర్‌ఫోన్లలో కుడిది చెవిలోంచి పీకేసి ఒక్క ఎడమది వినండి. ఇక్కడ బేస్ కుంటితే స్టేజీ మీదా కుంటుతుంది. రెండు ట్రాకుల్నీ పూర్తిగా చివరలకు కాకుండా మధ్యకు తెచ్చేయండి. వెడల్పు పోతుంది, పోనీయండి. మైదానంలో నిలబడి వినేవాళ్లకు ఎడమా కుడీ ఏముంది?

నేనిప్పుడు ప్రతి పాటనూ రెండు ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేస్తాను. ఒకదాని పేరు చెవులకు, రెండోదాని పేరు తిరునాళ్లకు. సంచిలో సొంత వైర్లు రెండు ఉంటాయి, కుడిదానికి ఎర్ర టేపు చుట్టాను.